రోగులకి నచ్చింది, డాక్టర్లకి నచ్చలేదు: కోవిడ్ నాటి టెలీ కన్సల్టేషన్ సర్వేని ఎలా చదవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కోవిడ్ రోజుల్లో మీ ఆసుపత్రి ఫోన్, వీడియో అపాయింట్‌మెంట్లు నడిపింది. అప్పట్లో తీసిన సర్వే ఫలితాలు ఇప్పుడు మీ చేతికొచ్చాయి. రోగుల్లో ఎక్కువమంది 'చాలా బాగుంది' అన్నారు. డాక్టర్లు, నర్సులు మాత్రం 'ఫరవాలేదు' దగ్గర ఆగిపోయారు, కొందరు విసుక్కున్నారు కూడా. ఎవరి మాట పట్టుకోవాలి, ఈ పద్ధతిని ఇకముందు కూడా ఉంచాలా వద్దా అని అడిగారు.

ఇద్దరూ నిజమే చెప్పారు. కాకపోతే ఇద్దరూ మార్కులు వేసింది ఒకే విషయానికి కాదు. రోగి తనకి తప్పిన కష్టానికి మార్కులు వేశాడు. డాక్టరు తనకి తెలియకుండా పోయినదానికి మార్కులు కోశాడు. ఈ సంగతి మనసులో పెట్టుకుని ఆ కాగితాలు మళ్లీ చదవండి, సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. జనరల్ మెడిసిన్ చేస్తాను. 2020 మార్చికి ముందు ఫోన్‌లో మందు చెప్పడమంటే చుట్టాలు మొహమాటపెట్టినప్పుడే. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు నా ఓపీలో సగానికి పైగా ఫోన్, వీడియో మీదే నడిచింది. మా విభాగంలో ఇలాంటి సర్వే తయారుచేసే పని కూడా కొన్నాళ్లు నా నెత్తిన పడింది. మేము రాసిన మొదటి ప్రశ్నపత్రం ఎందుకూ పనికిరాలేదు. ఎందుకో కింద వస్తుంది.

ముందు ఆ కాలం ఎలాంటిదో గుర్తు చేసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ని మహమ్మారి అన్నది 2020 మార్చి 11న. అదే నెల 17న అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా), రోగి ఇంట్లో ఉండి చేసే టెలీ విజిట్లకి కూడా డబ్బు చెల్లిస్తామంది. 25న భారతదేశంలో టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. ఏళ్ల తరబడి నానుతున్న వ్యవహారం రెండు వారాల్లో తేలిపోయింది. మెడికేర్ కింద 2019లో జరిగిన టెలీ విజిట్లు సుమారు 8.4 లక్షలు, 2020లో 5.27 కోట్లు. న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ లాంగోన్ ఆసుపత్రుల్లో అర్జెంట్ కేర్ (అప్పటికప్పుడు చూపించుకునే) వీడియో విజిట్లు మార్చి మొదట్లో రోజుకి 102 ఉండేవి, ఏప్రిల్ మధ్యకొచ్చేసరికి 800 దాటాయి. దూరం నుంచి వైద్యం అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1905లోనే నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, ఈసీజీ యంత్రం తయారుచేసిన ఐంథోవెన్, ఆసుపత్రిలో ఉన్న రోగి ఈసీజీని టెలిఫోన్ తీగ మీద కిలోమీటరున్నర దూరంలోని తన ల్యాబ్‌కి రప్పించుకున్నాడు. ఆలోచనకి వందేళ్లు దాటాయి, మాకు మాత్రం ట్రైనింగ్‌కి ఒక పూట కూడా దొరకలేదు. సోమవారం స్టెతస్కోప్‌తో కూర్చున్నవాళ్లం గురువారానికి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాం. మీ డాక్టర్ల గొణుగుడులో కొంత ఈ హడావిడి మీదే అయ్యుంటుంది. అందుకే వాళ్ల అభిప్రాయం ఏ నెలలో తీసుకున్నారో చూడండి. తొలి నెలల్లో అడిగిన డాక్టరుకీ, ఏడాది తర్వాత అడిగిన అదే డాక్టరుకీ చాలా తేడా ఉంటుంది.

ఇక రోగుల 'చాలా బాగుంది'. దేనికంటే బాగుంది? ఇది అడగకుండా ఆ మాట తూచలేం. మామూలు రోజుల్లో వీడియో కాల్‌కి పోటీ, డాక్టరు ఎదురుగా కూర్చుని చూపించుకోవడం. 2020లో ఆ పోటీయే లేదు. అప్పుడు కాల్‌కి ఎదురుగా ఉన్నవి రెండే: అసలు డాక్టరే దొరకకపోవడం, లేదా వైరస్ అంటుకుంటుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్లడం. ఆ రెండింటితో పోలిస్తే మాట తెగిపోయే ఫోన్ కాల్ కూడా వరంలా కనిపిస్తుంది. బీపీ మాత్రలు అయిపోతున్నాయన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లకి ఆ రోజు కావలసింది ఒక గొంతు, ఒక ప్రిస్క్రిప్షన్. రెండూ దొరికాయి. పూర్తి మార్కులు వేశారు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మార్కుల్ని చూపించి 'రోగులు టెలీ కన్సల్టేషన్‌నే కోరుకుంటున్నారు' అని మేనేజ్‌మెంట్ వాళ్లు స్లైడ్ వేస్తే మాత్రం నేను ఒప్పుకోను. వరదలో దొరికిన పడవ బాగుందన్నవాణ్ణి ఇకనుంచి పడవలోనే కాపురం ఉండమనడం లాంటిది అది.

ఇంకో చిక్కు, ఆ ప్రశ్నలు ఎవరికి చేరాయన్నది. మా మొదటి సర్వే ఇక్కడే బోల్తా కొట్టింది. వీడియో కాల్ పూర్తవగానే అదే యాప్‌లో ఐదు నక్షత్రాలు ప్రత్యక్షమయ్యేలా పెట్టాం. కాల్ పూర్తయినవాళ్లకే నక్షత్రాలు. లాగిన్ కాలేక వదిలేసినవాళ్లు, మధ్యలో తెగిపోయి మళ్లీ కలవనివాళ్లు, స్మార్ట్‌ఫోనే లేనివాళ్లు మా లెక్కలోకి రానేలేదు. దిగిపోయిన ప్రయాణికుల్ని వదిలేసి, ఎక్కి కూర్చున్నవాళ్లనే 'బండి ఎలా ఉంది' అని అడిగినట్టయింది. ఈ బయట మిగిలిపోయినవాళ్లు కొద్దిమందేనని అనుకోకండి. 2018 నాటి సమాచారంతో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. 65 ఏళ్లు దాటినవాళ్లలో 38 శాతం, అంటే సుమారు 1.3 కోట్ల మంది వీడియో విజిట్‌కి సిద్ధంగా లేరని తేలింది. ఎక్కువమందికి అడ్డు, ఆ టెక్నాలజీ అలవాటు లేకపోవడమే. మిగతావాళ్లకి వినికిడి, చూపు, మతిమరుపు లాంటి ఇబ్బందులు. డాక్టరు అవసరం ఎక్కువగా ఉండేది సరిగ్గా వీళ్లకే.

పైగా డాక్టరుకి మార్కులు వెయ్యమంటే మనుషులు ఉదారంగా వేస్తారు. రేపు మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాలి కదా. ఎదురుగా చూపించుకున్నవాళ్లని అడిగినా అంతే, మార్కులన్నీ పైన కుప్పపడతాయి. అందరికీ 5కి 5 వచ్చిన పరీక్షలో ఎవరు బాగా చదివారో తెలుసుకోలేం. 21 ప్రశ్నల టెలీహెల్త్ యూజబిలిటీ క్వశ్చనీర్, 14 ప్రశ్నల టెలీమెడిసిన్ శాటిస్‌ఫాక్షన్ క్వశ్చనీర్ లాంటి సిద్ధంగా ఉన్న ప్రశ్నపత్రాలు వాడితే కాస్త నయం. వినబడిందా, కనబడిందా, మీ సమస్య చెప్పగలిగారా అని విడివిడిగా అడుగుతాయి. కానీ మార్కులన్నీ పైనే కుప్పపడే ఈ సమస్యని అవి కూడా పూర్తిగా తీర్చవు.

ఇవన్నీ తీసేసినా రోగుల ఇష్టంలో గట్టి సరుకు కొంత మిగులుతుంది. ప్రయాణం లేదు, సెలవు పెట్టక్కర్లేదు, తోడు మనిషిని బతిమాలక్కర్లేదు. పది నిమిషాల పనికి ఒక రోజు పోదు. దీర్ఘకాలం మందులు వాడేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, మహమ్మారి పోయినా ఈ లాభం పోదు. నేను ఊహించని లాభం ఇంకోటి కనిపించింది. ఇంట్లో కూర్చుని మాట్లాడేవాళ్లు నిజం ఎక్కువ చెబుతారు. ఓపీలో 'మందులన్నీ వేసుకుంటున్నాను' అనే మనిషి, వీడియోలో మందుల డబ్బా తెచ్చి చూపించమంటే మూడు నెలల కిందటి స్ట్రిప్ సగం నిండుగా కనిపించింది. ఒకాయన మోకాళ్ల నొప్పి గురించి ఎన్ని నెలలుగా చెబుతున్నా నాకు పట్టు దొరకలేదు. వీడియోలో ఆయన వెనక నిటారుగా ఉన్న మెట్లు చూశాక అర్థమైంది, రోజుకి ఎన్నిసార్లు ఎక్కుతారో అడిగాను. పాత రోజుల్లో ఇంటికెళ్లి చూసే డాక్టర్లకి తెలిసేవి ఇవన్నీ. మనం ఎప్పుడో పోగొట్టుకున్నాం.

అలాగని రోగులందరూ సంతోషించారనుకోవద్దు. ఒక పెద్దావిడతో వీడియోలో పావుగంట మాట్లాడాను. షుగర్ రీడింగులు చూశాను, పాదాలు కెమెరా దగ్గర పెట్టించి వేళ్ల సందులన్నీ చూశాను, మందు మార్చాను. ఓపీలో ఆవిడకి నేనెప్పుడూ అంత సమయం ఇచ్చి ఉండను. చివర్లో ఆవిడ అంది, "సరే బాబూ, ఈసారి నన్ను చూడనే లేదుగా, మళ్లీ వచ్చినప్పుడు చూద్దువులే." చూడడమంటే ఆవిడ లెక్కలో చెయ్యి పట్టుకుని నాడి చూడడం. ఆ నాడి నాకు చెప్పేది తక్కువే కావచ్చు, ఆవిడకి చెప్పేది చాలా ఉంది. మీ సర్వేలో ఆవిడ బహుశా 'బాగుంది' మీదే టిక్ పెడుతుంది. ఇంకొందరికి ఇల్లే ఇబ్బంది. పక్కగదిలో అత్తమామలుంటే కోడలు తన దిగులు గురించి ఏం మాట్లాడుతుంది? ఇలాంటి కాల్స్‌లో అన్నిటికీ 'బానే ఉంది' అన్న జవాబే వస్తుంటే అనుమానించాలి. నేను 'అవును, కాదు అని మాత్రం చెప్పండి చాలు' అని, ప్రశ్నల్ని ఆ రకంగా మార్చి అడగడం అప్పుడే నేర్చుకున్నాను.

డాక్టర్ల వైపుకొద్దాం. వాళ్లది బద్ధకమో, కొత్తదంటే భయమో అనుకుంటే పొరపాటు. ఫిర్యాదు చాలావరకు వైద్యానికి సంబంధించినదే. కడుపునొప్పి అని ఫోన్ వస్తుంది. ఎదురుగా ఉంటే కడుపు మీద చెయ్యి వేసి, నొక్కి వదిలి, ముఖం చూస్తాను. అర నిమిషంలో ఇది ఇంటికి పంపే నొప్పా, సర్జన్‌కి పంపే నొప్పా అన్నది చాలావరకు తేలుతుంది. ఫోన్‌లో ఆ అర నిమిషం లేదు. దాని బదులు ఇరవై ప్రశ్నలు, ఒక స్కాన్, రాత్రి పడుకునే ముందు ఇంకోసారి ఫోన్ చేసి కనుక్కోవడం. రోగి దృష్టిలో ఇది 'డాక్టరుగారు రాత్రి కూడా ఫోన్ చేశారు, ఎంత మంచివారో'. నా దృష్టిలో అది నిద్ర పట్టని రాత్రి. ఒకే కాల్. ఆయన 5 వేశాడు, నేను 2 వేశాను.

కోవిడ్‌లో ఆయాసం విషయంలో ఇది మరీ ప్రమాదకరంగా ఉండేది. ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలరో విని ఆక్సిజన్ ఎంత ఉందో అంచనా వేసే రాత్ స్కోర్ అనే చిట్కా ఒకటి అప్పట్లో తెగ తిరిగింది. దాన్ని నమ్ముకోవద్దని ఆక్స్‌ఫర్డ్‌లో ట్రిష్ గ్రీన్‌హాల్ అనే వైద్యురాలి బృందం 2020లోనే హెచ్చరించింది. సరే, ఇంటికో ఆక్సీమీటర్ ఇస్తే సరిపోతుందనుకున్నాం. ఆ డిసెంబర్‌లో అమెరికాలోని మిషిగన్ వైద్యులు ఇంకో సంగతి బయటపెట్టారు. ఆక్సీమీటర్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా, ధమని రక్తంలో కొలిస్తే ఆక్సిజన్ 88 కన్నా తక్కువ తేలిన సందర్భాలు తెల్లజాతి రోగుల కొలతల్లో 3.6 శాతం ఉంటే, నల్లజాతి రోగుల కొలతల్లో 11.7 శాతం ఉన్నాయి. చర్మం రంగుని బట్టి ఆ చిన్న పరికరం మాట మారుస్తుందన్నమాట. అది తెలిశాక '94 ఉంది డాక్టర్' అని ఫోన్‌లో విన్నప్పుడు నాకు ధైర్యం రాలేదు, మనిషి ఎలా ఉన్నాడో ఇంట్లోవాళ్లని అడగడం మొదలుపెట్టాను. బాత్రూమ్ దాకా నడిచొచ్చాక ఎంత ఉంది, నిన్నటికన్నా మాట తగ్గిందా అని.

ఇక అలసట. ఓపీలో నలభై మందిని చూసిన రోజు కన్నా వీడియోలో ఇరవై మందిని చూసిన రోజు ఎక్కువ నీరసం అంటే మా ఇంట్లో నవ్వేవారు. దానికి కారణాలున్నాయి. మామూలు సంభాషణలో ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి పట్టే వ్యవధి సగటున 200 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఉంటుంది. కాల్‌లో మాట ఆలస్యంగా చేరితే ఆ లయ పోతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. టెలిఫోన్ ప్రమాణాల్లో ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా చూసుకోమనడం ఇందుకే. రోగి నెమ్మదించినప్పుడు అది బాధ వల్లా, నెట్ వల్లా అన్నది తెలియదు. దుఃఖంలో వచ్చే మౌనం చాలా విలువైనది, దాన్ని 'హలో, వినిపిస్తోందా?' అని నేనే ఎన్నిసార్లు చెడగొట్టానో. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో మీటింగుల అలసటకి నాలుగు కారణాలు చెప్పాడు: మరీ దగ్గరగా కనిపించే ముఖాలు, సైగల్ని పట్టుకోవడానికి పడే అదనపు శ్రమ, రోజంతా తన ముఖం తనే చూసుకోవడం, కుర్చీలోంచి కదలలేకపోవడం. మూడోదానికి మందు సులువు, సెట్టింగ్స్‌లో మన బొమ్మ దాచేయొచ్చు. నేను అది ఏడాది తర్వాత కనుక్కున్నాను.

దానికి తోడు, ఓపీలో నలుగురు చేసే పని కాల్‌లో డాక్టరు మీదే పడుతుంది. బరువు, బీపీ రాసుకోవడం, పాత రిపోర్టులు వెతకడం, ప్రిస్క్రిప్షన్ పంపి అందిందో లేదో చూడడం. ఏ మందు ఫోన్‌లో రాయొచ్చు, ఏది వీడియోలోనే రాయాలి, ఏది అసలు రాయకూడదు అని నిబంధనలు గుర్తుపెట్టుకోవడం. మీ సర్వేలో రిసెప్షన్‌వాళ్లని అడిగారా? అడిగి ఉండరు, ఎవరూ అడగరు. రోగి పెద్దకొడుక్కి ఫోన్ చేసి, లింక్ ఎక్కడ నొక్కాలో చెప్పి, మైక్ ఆన్ చేయించేది వాళ్లే. వాళ్లు బాగా చేసిన రోజు డాక్టరు సంతృప్తి మార్కు పెరుగుతుంది, ఆ క్రెడిట్ సాఫ్ట్‌వేర్‌కి పోతుంది.

కాబట్టి డాక్టర్ల మార్కులన్నీ కలిపి ఒక సగటు తీస్తే మీకు దక్కేది ఏమీ ఉండదు. విభాగాల వారీగా విడగొట్టండి. సైకియాట్రీలో మాటే పరీక్ష, మాటే చికిత్స, అందుకే మహమ్మారి తగ్గాక కూడా టెలీ పద్ధతి అక్కడ నిలబడింది. చర్మవ్యాధుల్లో, వెలుతురులో తీసిన మంచి ఫొటో వణికే వీడియో కన్నా ఎక్కువ పనికొస్తుంది. చెవి, కన్ను, కీళ్లు చూసేవాళ్లు విసుక్కుంటే అది వాళ్ల స్వభావం కాదు, చెవిలోకి ఫోన్ కెమెరా వెళ్లదు. వీటన్నిటికన్నా పెద్ద గీత, తెలిసిన రోగికీ కొత్త రోగికీ మధ్య ఉంటుంది. పదేళ్లుగా చూస్తున్న మనిషి ఫోన్‌లో 'నమస్తే' అన్న తీరులోనే ఈరోజు బాగోలేదని పట్టేస్తాను. మొదటిసారి మాట్లాడుతున్న మనిషి వీడియోలో పావుగంట కనిపించినా నాకు అపరిచితుడే.

ఫోనా, వీడియోనా అన్న గొడవలో నా అభిప్రాయం చాలామంది తోటి డాక్టర్లకి నచ్చదు. తెలిసిన రోగి ఫాలో అప్‌కి మామూలు ఫోన్ చాలు. వీడియో కోసం ఏడు నిమిషాలు పెనుగులాడి మూడు నిమిషాలు మాట్లాడేకంటే పది నిమిషాలు ప్రశాంతంగా వినడం మేలు. వీడియో రాని పెద్దవాళ్లు, మంచి నెట్ లేనివాళ్లు వైద్యానికి అందుతున్నది ఆ ఫోన్‌తోనే. అమెరికాలో మెడికేర్ కూడా 2020 ఏప్రిల్ 30న ఆడియో కాల్స్‌కి చెల్లింపు పెంచాల్సి వచ్చింది. కొత్త రోగి అయితే వీడియో, వీలైతే నేరుగా.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న కాగితాలతో ఏం చెయ్యాలి. ముందు నెల, విభాగం, కొత్త-పాత, ఫోన్-వీడియో అని నాలుగు రకాలుగా చీల్చండి. అపాయింట్‌మెంట్ తీసుకుని కాల్ పూర్తి కానివాళ్ల జాబితా రిసెప్షన్ దగ్గర ఉంటుంది. వాళ్లలో కొందరికి ఫోన్ చేసి ఏమైందో అడగండి. ఇక ముందు చేసే సర్వేల్లో 'సంతృప్తి చెందారా' అన్న ప్రశ్నని పక్కన పెట్టి, రోగిని రెండు అడగండి: ఈ కాల్ లేకపోయి ఉంటే ఏం చేసేవారు? ఇప్పుడు ఏ మందు ఎలా వేసుకోవాలో మీ మాటల్లో చెబుతారా? రెండోదానికి వచ్చే జవాబులు విని మేము ఖంగుతిన్నాం. ఐదు నక్షత్రాలిచ్చినవాళ్లలో కూడా పాత మందు ఆపాలా, కొత్తది దానికి కలపాలా అన్నది తెలియనివాళ్లు ఉన్నారు. డాక్టర్ని ఒక్కటే అడగండి, అదీ కాల్ పెట్టేసిన వెంటనే: ఈ మనిషి ఎదురుగా ఉండి ఉంటే మీ నిర్ణయం మారేదా? రెండు వారాలయ్యాక అదే సమస్యతో ఆ రోగి ఎమర్జెన్సీకో, ఇంకో డాక్టరు దగ్గరికో వెళ్లాడేమో రికార్డులో చూడండి. నక్షత్రాలు చెప్పనిది అక్కడ కనిపిస్తుంది.

ఉంచాలా వద్దా అంటే, ఉంచండి. ఫాలో అప్‌లకి, మందుల సర్దుబాటుకి, రిపోర్టులు చూసి చెప్పడానికి. కానీ ఒక ఏర్పాటుతో ఉంచండి. కాల్ మధ్యలో డాక్టరుకి అనుమానమొస్తే 'ఇవాళే రండి' అనే వీలుండాలి, వచ్చినవాళ్లకి వేరే టోకెన్ గానీ, మళ్లీ ఫీజు గానీ లేకుండా ఆ డాక్టరే చూసేలా ఉండాలి. మా దగ్గర మొదట అలా లేదు. రమ్మంటే రోగి మళ్లీ వరసలో నిలబడాలి, మళ్లీ డబ్బు కట్టాలి, ఆ సంగతి తెలిసి మేము రమ్మనడానికి జంకేవాళ్లం. రోజూ మధ్యాహ్నం నాలుగు స్లాట్లు ఇలాంటి వాళ్ల కోసం ఖాళీగా ఉంచడం మొదలుపెట్టాక డాక్టర్ల ఫిర్యాదులు సగం ఆగిపోయాయి. తమాషా ఏమిటంటే, ఆ నాలుగు స్లాట్లూ నిండిన రోజులు తక్కువ.